వెండి పూత యూరిన్ పైపు: కొత్తపేటలో కొన్నాను, మూడు వారాలు చూశాను

పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి మా నాన్నకి యూరిన్ పైపు తప్పడం లేదు. సంక్రాంతి వెళ్ళిన వారానికి చలిజ్వరం. బ్యాగు చూస్తే కుడితి నీళ్ళలా ఉంది. యాంటీబయాటిక్ కోర్సు అయ్యాక, ఖర్చయితే అయింది, మళ్ళీ ఇన్ఫెక్షన్ రాకుంటే చాలని వెండి పూత పైపు కోసం గుంటూరు కొత్తపేటలో ఒక సర్జికల్ షాపుకి వెళ్ళాను.

"సైజెంతండీ?" అన్నాడు షాపతను. నాకేం తెలుసు! "పాత పైపు చివర ఏ రంగుంది?" అన్నాడు. నారింజ అనగానే 16 నంబరు తీశాడు. మామూలుది 120 రూపాయలు, ఇది 850. ఎక్స్‌పైరీ తేదీ తనే చూపించి, అడక్కుండానే బిల్లిచ్చాడు. షాపుకి వంక పెట్టలేను.

పైపు వేయడానికి బ్రదర్ (మగ నర్సు) ఇంటికొచ్చాడు. పూత మీద జెల్ లాంటి పొర ఉందట, తడి తగలగానే జారుడుగా అయింది. ఎప్పుడూ పళ్ళు బిగబట్టే నాన్న ఈసారి "అయిపోయిందా?" అన్నారు. ఆ ఒక్కదానికే సగం డబ్బు గిట్టిందనుకున్నాను.

పది రోజులు మూత్రం తేటగా ఉంది. పద్దెనిమిదో రోజుకి మళ్ళీ మడ్డి. పరుగెత్తుకెళ్తే డాక్టరుగారు, జ్వరం, నొప్పి లేనప్పుడు మందులక్కర్లేదన్నారు. వెండి క్రిముల్ని పైపుకి అంటుకోనివ్వదు నిజమే కానీ, రోజులు గడిచేకొద్దీ మూత్రంలోని ప్రొటీన్లు, లవణాలు పూతనే కప్పేస్తాయట. బ్రిటన్‌లో 24 ఆసుపత్రుల్లో 7,000 మందికి పైగా రోగుల మీద చేసిన ట్రయల్ 2012లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిందని, కొద్దిరోజులకి వేసిన పైపుల్లో కూడా వెండి పూత వల్ల ఇన్ఫెక్షన్లు తగ్గలేదని చెప్పారు. నెలల తరబడి పైపు ఉండే మా నాన్నకి ఇంకేం ఒరుగుతుంది?

తర్వాత ఆయన అడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు: "వీల్‌చెయిర్‌లో కూర్చోబెట్టేటప్పుడు బ్యాగు ఎక్కడ పెడుతున్నారు?" నాన్న ఒళ్ళో! అలా పైకెత్తినప్పుడల్లా బ్యాగులోది వెనక్కి పోతుందట. 850 పోసి పైపు కొన్నవాణ్ణి, బ్యాగు సంగతి చూసుకోలేదు.

మొన్న అదే షాపులో పూత లేని సిలికాన్ పైపు తీసుకున్నాను. "వెండిది వద్దాండీ?" అన్నాడు. వద్దని, బ్యాగు తగిలించే కొక్కేలు రెండిమ్మన్నాను, మంచానికొకటి, వీల్‌చెయిర్ సీటు కిందికొకటి.