ఫ్లైట్ దూరం చూపించే యాప్: కిలోమీటర్లు ఓకే, గంటలతోనే గొడవ

తమ్ముడు డాలస్‌లో సెటిలైనప్పటి నుంచీ ఈ యాప్ నా ఫోన్లో ఉంది, రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొడితే మధ్య దూరం, ప్రయాణ టైం చెప్పే రకం. దూరానికి వంక పెట్టేదేం లేదు. శంషాబాద్ నుంచి డాలస్‌కి 14,400 కిలోమీటర్ల దాకా చూపిస్తుంది, మ్యాప్‌లో గీత పడమరకి కాకుండా నిటారుగా పైకి పోయి ఉత్తర ధ్రువం పక్కనుంచి కెనడా మీదకి దిగుతుంది, మా నాన్న గ్లోబు మీద దారం పెట్టి మరీ చూసుకున్నారు. మార్చిలో అక్కడ గడియారాలు గంట ముందుకి జరపగానే మనకీ వాళ్లకీ ఉన్న పదకొండున్నర గంటల తేడాని పదిన్నర చేసేస్తుంది, అదీ బాగుంది.

నా కోపమంతా టైం మీదే. దూరాన్ని ఒకటే స్పీడుతో భాగించి, పైన అరగంట కలిపి ఇచ్చేస్తుంది, గాలి ఊసే లేదు. మావాళ్లు విమానం మారేది దోహాలో, డాలస్–దోహా 12,700 కిలోమీటర్ల పైమాటే, పోయినా వచ్చినా పదహారున్నర గంటలంటుంది. డాలస్‌కి పోయేటప్పుడు ఎదురుగాలి కాబట్టి పదహారు దాకా పడుతుంది, నిజమే, కానీ వచ్చేటప్పుడు జెట్ స్ట్రీమ్, అంటే పైన పడమర నుంచి తూర్పుకి జోరుగా వీచే గాలి, వెనకనుంచి తోస్తుంది, పద్నాలుగున్నర లోపే దింపేస్తారు.

మొన్న జనవరిలో అమ్మానాన్న తిరిగొస్తుంటే అక్కడ ఫ్లైట్ రెండు గంటలు లేటుగా లేచింది. దోహాలో మధ్యలో ఉన్నదే మూడు గంటలు, పైగా ఇద్దరికీ వీల్‌చైర్. "లేచింది అన్నా" అని తమ్ముడి మెసేజ్ రాగానే యాప్ తీస్తే, వీళ్లు దిగేసరికి హైదరాబాద్ ఫ్లైట్ వెళ్లిపోయి గంటవుతుందని తేలింది. ఇక ఆ రోజంతా అమ్మ ఇన్సులిన్ హ్యాండ్‌బ్యాగ్‌లో ఎన్ని పూటలకి ఉందో తమ్ముణ్ణి అడగడం, రాత్రికి హోటల్ ఇస్తారా అని ఎయిర్‌లైన్ వాళ్ల ఫోన్లో హోల్డ్ మ్యూజిక్ వినడం, బుక్ చేసిన క్యాబ్ క్యాన్సిల్ చేయడం, ముద్ద మింగుడు పడితే ఒట్టు. తీరా చూస్తే గాలి కలిసొచ్చి లేటు కొంత పూడిపోయింది, నాన్న దోహా వైఫై పట్టుకుని వాయిస్ మెసేజ్ పెట్టారు, "ఒరేయ్, గేటు దగ్గరే కూచున్నాం, మీ అమ్మ కళ్లజోడు వెతుక్కుంటోంది" అని. సంతోషమే గానీ అర్ధరాత్రి కూకట్‌పల్లిలో మళ్లీ క్యాబ్ దొరికేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంకోటి, దూరం బాగా చెప్తుంది అన్నా కదా, అది గ్లోబు మీద దారం దూరమే. ఇక్కణ్ణుంచి డాలస్‌కి డైరెక్ట్ లేదు, దోహా మీదుగా లెక్కేస్తే 15,600 దాటుతుంది, దారిలో ఏ దేశమైనా గగనతలం మూసేస్తే ఇంకా చుట్టు. రెండు ముక్కలు విడివిడిగా కొట్టి కలుపుకోవాలి, ట్రాన్సిట్ టైం మనమే వేసుకోవాలి.

తీసేయలేదు, ఉంచుకున్నా. పెద్దవాళ్లు గాల్లో ఉన్నప్పుడు మాత్రం దీన్ని తెరవట్లేదు, లైవ్ ట్రాకింగ్‌లో విమానం ఎక్కడుందో చూసుకుంటున్నా. ఒక్కళ్లే బ్యాగు భుజాన వేసుకుని తిరిగే కుర్రాళ్లకి గంటా రెండు గంటల తేడా పెద్ద లెక్క కాకపోవచ్చు, వాళ్లకి ఇది సరిపోతుందేమో.