థాయ్‌లాండ్‌లో పెళ్లికి పిలుపొస్తే: హువా హిన్, ఫుకెట్, పటాయా – వెళ్లేవాళ్ల వైపు నుంచి

థాయ్‌లాండ్ పెళ్లి అనగానే అందరూ ముందు వీసా గురించి కంగారు పడతారు. అంత కంగారు అక్కర్లేదు. 2023 నవంబరులో మన పాస్‌పోర్టుకి వీసా లేకుండా రానివ్వడం మొదలుపెట్టారు, 2024 జూలైలో ఆ గడువుని 60 రోజులు చేశారు. ఇలాంటివి ఎప్పుడైనా మారుస్తారు కాబట్టి టికెట్లు కొనేముందు ఢిల్లీలోని థాయ్ రాయబార కార్యాలయం సైటు ఒకసారి చూసుకుంటే సరి. అసలు తిప్పలన్నీ పెళ్లి ఏ ఊళ్లో పెట్టారు, విమానం దిగాక అక్కడికి ఎంతసేపు, మీతో వచ్చే పెద్దవాళ్ల మోకాళ్లు ఎలా ఉన్నాయి అన్న దగ్గరే ఉంటాయి. పెళ్లివారు సముద్రం చూసి చోటు ఖాయం చేస్తారు, వెళ్లేవాళ్లు రోడ్డు చూసుకోవాలి.

మా బంధువుల్లో ఈమధ్య వరసగా అక్కడే పెళ్లిళ్లు అవుతున్నాయి కాబట్టి మూడు ఊళ్లూ అతిథిగా చూశాను.

హువా హిన్ మూడింట్లోకీ నాకు బాగా నచ్చిన ఊరు, పెద్దవాళ్లతో వెళ్లడానికి మాత్రం కష్టమైన ఊరు. బ్యాంకాక్‌కి సుమారు 200 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి రాత్రి విమానం ఎక్కితే మూడున్నర గంటల్లో బ్యాంకాక్ విమానాశ్రయం సువర్ణభూమిలో తెల్లవారుజామున దిగుతారు, నిద్ర ఉండదు, అక్కణ్ణుంచి వ్యాన్‌లో మళ్లీ మూడు నాలుగు గంటలు. మా పెద్దమ్మ సగం దారిలోనే "ఒరేయ్, విమానంలో కూర్చున్నదానికంటే ఇదే ఎక్కువైపోయిందిరా" అంది. దానికి తోడు పెళ్లివారు మాట్లాడిన వ్యాను విమానాశ్రయానికే చాలా ఆలస్యంగా వచ్చింది, డ్రైవరుకి ఫోన్ చేస్తే ఆయనకి ఇంగ్లీషు రాదు, మాకు థాయ్ రాదు. వ్యాను పంపుతామంటే డ్రైవరు నంబరుతో పాటు థాయ్ మాట్లాడగలిగిన సమన్వయకర్త ఎవరైనా ఉంటే వాళ్ల నంబరు కూడా ముందే అడిగి పెట్టుకోండి. సువర్ణభూమి నుంచి హువా హిన్‌కి నేరుగా బస్సు ఉంది, సామాను తక్కువున్న కుర్రాళ్లకి అదే మేలు.

అంత దూరం పోయాక ఊరు మాత్రం మనసుకి హాయిగా ఉంటుంది. రాజకుటుంబం వేసవికి వచ్చే ఊరు, 1932లో బ్యాంకాక్‌లో తిరుగుబాటు జరిగినప్పుడు ఏడో రామా రాజు ఇక్కడి ప్యాలెస్‌లోనే ఉన్నాడు. ఎరుపు, మీగడ రంగుల్లో ఉండే పాత చెక్క రైల్వే స్టేషను ఇప్పటికీ అలాగే ఉంచారు, రైళ్లు మాత్రం పక్కన కట్టిన కొత్త స్టేషనులో ఆగుతాయి. శుక్రవారం నుంచి ఆదివారం దాకా సాయంత్రాలు సికాడా మార్కెట్ పెడతారు, సంగీత్ లేని సాయంత్రం దొరికితే అక్కడికి పొండి. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా వానలు, మాఘమాసం ముహూర్తాలకి వాతావరణం ఎంతో బాగుంటుంది.

ఫుకెట్‌కి హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది, అందుకని అందరూ అదే సుఖం అనుకుంటారు. విమానాశ్రయం ద్వీపానికి ఉత్తరపు కొసన ఉంటుంది, రిసార్టులేమో పడమటి తీరమంతా చెల్లాచెదురుగా ఉంటాయి. పెళ్లి ఒక రిసార్టులో, మీకిచ్చిన గది ఇంకో రిసార్టులో అయితే ప్రతి ముచ్చటకీ టాక్సీయే, ఫుకెట్ టాక్సీలు బ్యాంకాక్‌తో పోలిస్తే బాగా ఖరీదు. ఇంకోటి, మన వైశాఖ, జ్యేష్ఠ ముహూర్తాలు పడేది అక్కడ నైరుతి రుతుపవనాలు మొదలయ్యే రోజుల్లో. మే నుంచి అక్టోబరు దాకా పడమటి బీచుల్లో ఎర్రజెండాలు కనిపిస్తే నీళ్లలోకి దిగకూడదు. మన పిల్లలేమో "మోకాళ్ల దాకేగా" అంటారు. వద్దు, అడుగున లాగేస్తుంది. ఆ రోజుల్లో పెళ్లయితే బీచ్ మీద ఆశ వదిలేసి పాత ఫుకెట్ టౌనులో తలాంగ్ రోడ్డు వెంట ఉన్న రంగురంగుల పాత ఇళ్లు చూసి రండి.

పటాయా అంటే మనవాళ్లు ముక్కు విరుస్తారు, మగవాళ్లయితే ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటారు. కానీ ముసలివాళ్లు, చంటిపిల్లలు వెంట ఉంటే నా ఓటు దానికే. సువర్ణభూమి నుంచి గంటన్నర, రెండు గంటల్లో చేరిపోతారు. చేతి దూరంలో భారతీయ భోజనశాలలు బోలెడు. జోమ్‌తియెన్, నా జోమ్‌తియెన్ వైపు రిసార్టుల్లో ఉంటే మీరు వినే పటాయా రాత్రి బార్ల గోల ఏదీ అటు రాదు.

ఇక గది సంగతి. పెళ్లివారు ఇచ్చే గది సాధారణంగా మధ్యాహ్నం రెండు, మూడు గంటలకి గానీ చేతికి రాదు, మీరు దిగేదేమో తెల్లారకముందే. పట్టుచీరల పెట్టెలు పెట్టుకుని, స్నానం లేకుండా, ఐదు నక్షత్రాల హోటల్ లాబీలో సోఫాల్లో పడి నిద్రపోతున్న చుట్టాలు ప్రతి విదేశీ పెళ్లిలోనూ కనిపిస్తారు. పెళ్లివారిని సతాయించకండి, వాళ్లకి ఉన్న టెన్షన్ చాలు. పెద్దవాళ్లుంటే ఒకరోజు ముందే బయల్దేరి బ్యాంకాక్‌లో మీ ఖర్చుతో మామూలు హోటల్లో పడుకుని మర్నాడు వెళ్లండి. నేను ఉన్న రిసార్టులో గది అద్భుతమే, కానీ బయట తినడానికి నడిచివెళ్లే దూరంలో ఏమీ లేదు, కాఫీ ధర చూస్తే తాగబుద్ధి కాలేదు. పెళ్లయిపోయాక ఊళ్లోకి మారిన చిన్న హోటల్‌లో గది ఇరుకే, అయినా కింద దిగితే సెవెన్ ఎలెవెన్ కొట్టు, పక్కన పళ్ల బండి, ఇస్త్రీ చేసే ఆవిడ. నాకు రెండోదే సుఖంగా అనిపించింది. అన్నట్టు, చాలా హోటళ్లలో ఘాటు వాసన వేసే డ్యూరియన్ పండు గదిలోకి తేనివ్వరు, తెస్తే జరిమానా. బాత్రూముల్లో నీటి పైపు మాత్రం దాదాపు అన్నిచోట్లా ఉంటుంది, ఆ బెంగ పెట్టుకోకండి.

శాకాహారులకి పెళ్లి భోజనాలప్పుడు ఇబ్బంది లేదు, వంటవాళ్లు మనవాళ్లే ఉంటారు. బయట తినేటప్పుడే జాగ్రత్త. కూరగాయలతో వేయించిందని చెప్పిన దాంట్లో కూడా చేపల సాసు, ఆల్చిప్పల సాసు ఉంటాయి, వాళ్ల దృష్టిలో అది మాంసం కాదు. పసుపు మీద ఎర్రక్షరాలతో "జే" అని రాసిన జెండా ఉన్న కొట్లు వెతకండి, అక్కడ మాంసం, చేప, గుడ్డు, పాలు, వెల్లుల్లి ఏవీ వాడరు. పెరుగు లేకపోతే ముద్ద దిగని వాళ్లకో మాట: సెవెన్ ఎలెవెన్‌లో దొరికే పెరుగు కప్పులు చాలావరకు తియ్యగా ఉంటాయి, ఆవకాయతో కలిపితే ఏడుపొస్తుంది.

సామానులో ఏం పెట్టకూడదో తెలియాలి, ఎందుకంటే పెళ్లివారు చివర్లో "ఈ చిన్న సంచి మీ పెట్టెలో పెట్టుకోండి బాబాయ్" అని పూజ సామాను చేతిలో పెడతారు. కర్పూరం నిప్పంటుకునే సరుకు, చేతి సంచిలోనూ లగేజీలోనూ వద్దు. ఎండుకొబ్బరికి నూనె వల్ల మంట అంటుకునే గుణం ఉంది కాబట్టి లగేజీలో తీసేస్తారు. అగ్గిపెట్టెలూ అంతే. కొబ్బరికాయలు, తమలపాకులు, అరటాకులు, బంతిపూల దండలు అక్కడే కావలసినన్ని దొరుకుతాయి. థాయ్ వాళ్లకి కూడా బంతిపూలతోనే పూజలు, బ్యాంకాక్‌లో పాక్ ఖ్లాంగ్ పూలబజారుకి వెళితే మన హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూలమార్కెట్ గుర్తొస్తుంది. పసుపు, కుంకుమ, పప్పుల్లాంటివి బ్యాంకాక్ పాహురత్‌లోని మనవాళ్ల కొట్లలో ఉంటాయి. వేప్‌లు, అంటే ఎలక్ట్రానిక్ సిగరెట్లు, ఆ దేశంలో నిషేధం, కుర్రాళ్లకి చెప్పండి. పెద్దవాళ్ల బీపీ, షుగరు మాత్రలు చేతి సంచిలో, డాక్టరు చీటీతో సహా. ఆందోళనకి వాడే ఆల్ప్రజొలామ్, నొప్పులకి వాడే ట్రమడాల్ లాంటివి అక్కడ గట్టి నియంత్రణలో ఉన్న మందులు, అవి వాడేవాళ్లు వెళ్లేముందే నియమాలు చదువుకోవాలి.

నగలు ఎక్కువ పట్టుకెళ్తే బయల్దేరేటప్పుడే మన విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్ల దగ్గర ఎగుమతి ధ్రువపత్రం రాయించుకోండి. దానికి సమయం పడుతుంది, మామూలుగా వెళ్లేదానికంటే గంట ముందే వెళ్లాలి. లేకపోతే తిరిగొచ్చేటప్పుడు మీ అమ్మమ్మ కాసులపేరు మీదేనని మీరే రుజువు చేసుకోవాలి.

2025 మే 1 నుంచి థాయ్‌లాండ్‌లో దిగేవాళ్లందరికీ డిజిటల్ అరైవల్ కార్డు (రాక వివరాల ఫారం) తప్పనిసరి. దిగే రోజుకి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి, పైసా ఖర్చు లేదు. డబ్బులడిగే సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు. అందులో బస చేసే చిరునామా అడుగుతారు కాబట్టి హోటల్ పేరొక్కటే కాకుండా జిల్లా, పిన్‌కోడ్ సహా వాట్సాప్ గ్రూపులో పెట్టమని పెళ్లివారిని ముందే అడగండి.

డబ్బు మార్చడానికి సువర్ణభూమిలో అన్నిటికంటే కింది అంతస్తులో, రైలు ఎక్కే చోట ఉండే కౌంటర్లలో పైనున్న వాటికంటే మంచి రేటు వస్తుంది. ఏటీఎంలో మన కార్డు పెడితే తీసిన ప్రతిసారీ 200 బాట్లకి పైనే ఛార్జీ, అందుకని చిల్లరగా కాకుండా ఒకేసారి తీయండి. కొట్లలో క్యూఆర్ బోర్డు కనిపించగానే చాలామంది ఫోన్‌పే తీస్తారు, ఆ బోర్డులు అక్కడి బ్యాంకు ఖాతాల కోసం పెట్టినవి.

ముహూర్తం ఒకటి చూసుకోండి. థాయ్‌లాండ్ మనకంటే గంటన్నర ముందు. శుభలేఖలో వేసిన టైము ఏ దేశానిదో సగం మందికి తెలియదు. పంతులుగారు లగ్నం అక్కడి రేఖాంశానికి కట్టి ఇస్తే అది థాయ్ టైము, ఇక్కడి పంచాంగం చూసి అచ్చు వేయించేస్తే మన టైము. ఒకళ్లు గట్టిగా అడిగితే గ్రూపులో అందరికీ తేలిపోతుంది, లేదంటే జీలకర్ర బెల్లం అయిపోయాక తీరిగ్గా ముస్తాబై వస్తారు.

చదివింపులు మాత్రం ఇక్కడే, వాళ్లు తిరిగొచ్చాకో వెళ్లేముందో ఇచ్చేయండి. మన రూపాయలు మనిషికి 25,000 కంటే ఎక్కువ దేశం దాటించకూడదు, పైగా వెండి సామాను, కవర్ల కట్టలు అన్నీ మళ్లీ మోసుకుని రావాల్సింది పెళ్లికూతురి తండ్రే.