మంచు సూచన: ఒకే అంకెను నమ్మాలా, శాతాలనా?

మంచు తుఫాను వస్తోందంటే సూచనలు రెండు రకాలుగా వస్తాయి. ఒకటి "శనివారం 20 సెంటీమీటర్ల మంచు" అని తేల్చేస్తుంది. రెండోది "5 నుంచి 25 దాకా పడొచ్చు, 20 దాటే అవకాశం 30 శాతం" అంటుంది.

మొదటిది చదవడానికి హాయిగా ఉంటుంది. కానీ అది మోడల్‌ను (వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను) ఒక్కసారి నడిపితే వచ్చిన జవాబు కావచ్చు. ఆరు గంటల తర్వాత కొత్త కొలతలతో నడిపితే అంకె సగానికి పడిపోవచ్చు. చలికాలంలో ఈ బెడద మరీ ఎక్కువ, ఎందుకంటే కథంతా సున్నా డిగ్రీల చుట్టూనే తిరుగుతుంది. మేఘంలో పుట్టిన మంచు రేకు దారిలో వెచ్చని గాలి పొర తగిలితే కరిగిపోతుంది. కింద చల్లగాలి పొర మందంగా ఉంటే మళ్లీ గడ్డకట్టి గుళికలా రాలుతుంది. పలచగా ఉంటే చినుకుగానే దిగి, రోడ్డును తాకగానే గడ్డకడుతుంది. అన్నిటికన్నా ప్రమాదం ఇదే! 10 మిల్లీమీటర్ల నీరు మంచుగా పడితే సుమారు 10 సెంటీమీటర్లు పేరుకుంటుంది, వానైతే పారిపోతుంది. తేడా ఒక్క డిగ్రీ.

రెండోది ఎన్‌సెంబుల్ పద్ధతి. మొదటి కొలతల్లో చిన్న మార్పులు చేస్తూ మోడల్‌ను పదులసార్లు నడుపుతారు, వాటిలో ఎన్నిసార్లు 20 దాటిందో చూసి శాతం చెబుతారు. చిన్న తేడాలు ఎంత పెద్దవవుతాయో వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ 1963లోనే చూపించారు. యూరప్ వాతావరణ కేంద్రం 1992 నుంచి ఇలా సూచనలిస్తోంది.

నా ఓటు రెండోదానికే, ముఖ్యంగా ప్రయాణం మూడు నాలుగు రోజుల దూరంలో ఉంటే. బయలుదేరే గంటల్లో మాత్రం రాడార్, తాజా హెచ్చరికలు చూడండి.