డిజైన్ స్కూల్లో సిద్ధాంతమా, వ్యాపారమా: ఏది మేలు?

ఆర్కిటెక్చర్ కోర్సు చివరి సెమిస్టర్లలో ఎలక్టివ్‌లు (విద్యార్థే ఎంచుకునే కోర్సులు) రెండు వైపులకు లాగుతాయి. ఒకవైపు థియరీ సెమినార్. మరోవైపు ప్రాక్టీస్ (ఆర్కిటెక్ట్ ఆఫీసు) నిర్వహణ, డెవలపర్ లెక్కలు, కొత్త వ్యాపార ఆలోచనను పరీక్షించే స్టార్టప్ ల్యాబ్.

ఈ పేచీ కొత్తది కాదు. 1919లో జర్మనీలో మొదలైన డిజైన్ స్కూలు బౌహౌస్, 1925లో డెస్సావు నగరానికి తరలిన ఏడాదే తన డిజైన్లు అమ్మడానికి ఒక కంపెనీ పెట్టుకుంది. అయినా మార్కెట్లో అన్నిటికన్నా బాగా నడిచింది అందరూ గుర్తుంచుకునే కుర్చీలు కావు, రాష్ కంపెనీతో కలిసి తెచ్చిన వాల్‌పేపర్. జర్మనీలోనే తర్వాత వచ్చిన ఉల్మ్ డిజైన్ స్కూలు, ఎలక్ట్రికల్ వస్తువుల బ్రౌన్ కంపెనీకి పనిచేస్తూనే బోధనా పద్ధతి మీద లోపల కొట్లాడుకుంది. తొలి రెక్టర్ మాక్స్ బిల్ 1957లో వెళ్లిపోయాడు, 1968లో స్కూలే మూతపడింది.

థియరీ సరిగ్గా చెబితే ప్లాన్ మారాలి. వారానికి 20, 30 పేజీల పాఠం ఒకటి, దాని మీద ఒక పేజీ వాదన, ఆ వాదనను పరీక్షించే ఒక కట్టడం ప్లాన్, సెక్షన్ (భవనాన్ని నిలువుగా కోసినట్టు చూపే డ్రాయింగ్) 1:200 స్కేలులో తిరిగి గీయడం: ఈ మూడూ కలిస్తేనే అది డిజైన్ చదువు. మూడోది ఎగ్గొట్టిన చోటే సెమినార్ చెడుతుంది. అప్పుడు జ్యూరీకి (ప్రాజెక్టులు చూసి తీర్పు చెప్పేవాళ్లకు) పెట్టే షీటు మీద తత్వవేత్తల వాక్యాలుంటాయి, కింద మామూలు ప్లానే ఉంటుంది. రాతంతా కాగితంతో కప్పేసి సెక్షన్ ఒక్కటే చూడండి. వాదన ఏమిటో తెలియకపోతే అక్కడ థియరీ లేనట్టే.

వ్యాపారం వైపు స్టార్టప్ ల్యాబ్‌ను నేను చివర పెడతాను. కుర్చీకో దీపానికో నమూనా చేసి, పదిమందికి ఇచ్చి, మార్చి మళ్లీ ఇవ్వొచ్చు. భవనాన్ని అలా సగం కట్టి పరీక్షించలేం. స్థలం, అనుమతి, అప్పు, నిర్మాణం అన్నీ కలిపి ఏళ్లు పడుతుంది. చివరికి ల్యాబ్‌లో తయారయ్యేది క్లాసులోని స్నేహితుల సర్వే, అందమైన స్లైడ్లు.

ప్రాక్టీస్ నిర్వహణ అలా కాదు. బిల్లు వేసే పనిగంటలకు ఇచ్చే ప్రతి 100 రూపాయల జీతానికి ఓవర్‌హెడ్ (అద్దె, కరెంటు లాంటి ఆఫీసు ఖర్చు) 150 అయితే, 250 వసూలైనప్పుడే ఖర్చులు తీరతాయి. లాభం కావాలంటే 300 దగ్గర అడగాలి. విద్యార్థి గీసే గంటలే లెక్కేస్తాడు. సవరణలు, అనుమతుల ఉత్తరాలు, సైటు తిరుగుళ్లు వదిలేస్తాడు. పైగా ఫీజులో దాదాపు 40 శాతం వర్కింగ్ డ్రాయింగ్స్ (కట్టడానికి పనికొచ్చే వివరమైన డ్రాయింగ్స్) దశకే పోతుంటే, తన గంటలన్నీ కాన్సెప్ట్‌లోనే కరిగించేస్తాడు.

థియరీ, వ్యాపారం రెండూ నిజంగా తలపడేది ఒకే డ్రాయింగ్ మీద. మొత్తం విస్తీర్ణం 1,000 చదరపు మీటర్లు, అందులో అమ్ముడయ్యేది 800 అనుకుందాం. ఆదాయం 100, ఖర్చు 85, మిగులు 15. ఇరుగుపొరుగు నిలబడి మాట్లాడుకునేలా కారిడార్ వెడల్పు చేయాలని థియరీ అడిగింది. అమ్ముడయ్యేది 720కి తగ్గింది. ఆదాయం 90, ఖర్చు మాత్రం అంతే, మిగులు 5. అమ్ముడయ్యే విస్తీర్ణంలో పదో వంతు పోతే లాభంలో మూడింట రెండు వంతులు పోయింది. ఇక్కడే విద్యార్థి జవాబు చెప్పాలి: ప్రతి అంతస్తులోనూ వెడల్పు కావాలా, రెండు అంతస్తులకు ఒక చోటు చాలా? మెట్ల దగ్గరి ఖాళీనే కాస్త పెంచితే కుదరదా? ఈ బేరంలో పుట్టే ప్లాన్ ఏ ఒక్క క్లాసూ ఇవ్వలేనిది.

అందుకే వీలుంటే రెండిటినీ ఒకే స్టూడియోలో పెట్టాలి, వరుస తప్పకుండా. 15 వారాల సెమిస్టర్‌లో మొదటి ఐదు వాదనకు, తర్వాతి మూడు స్కీముకు, తొమ్మిదో వారం ఈ ఆదాయం, ఖర్చుల ఎక్సెల్ షీటు, మిగతాది రీడిజైన్. షీటు మొదటి రోజే ఇస్తే అందరి ప్లాన్లూ ఒకేలా వస్తాయి: నడుమ లిఫ్టు, చుట్టూ ఫ్లాట్లు. చివరి వారం ఇస్తే అది ఎవరూ చదవని అనుబంధం.

ఒకటే ఎంచుకోక తప్పదంటే థియరీ తీసుకోండి. గంటల లెక్క ఆఫీసు ఎలాగూ నేర్పుతుంది, దాని జీతాలు అందులోంచే రావాలి కాబట్టి. వాదన నేర్చుకోవడానికి మాత్రం ఆఫీసులో ఎవరూ సమయం ఇవ్వరు. చదువు అవగానే సొంత ప్రాక్టీస్ పెట్టాలనుకునేవారికి ఈ సలహా వర్తించదు. వాళ్లు నిర్వహణ కోర్సులోనే చేరాలి. చేరేముందు సిలబస్‌లో ఒకటి చూసుకోండి: అసైన్‌మెంట్ మీ సొంత స్టూడియో ప్రాజెక్టు మీదా, ఎవరో ఇచ్చిన ఊహా కంపెనీ మీదా?