ఒకే కంప్యూటరుతో నడిచే స్టూడియోలో నైస్, రీనైస్ వాడకం

తిరుపతిలో పెళ్ళి వీడియోలు చేసే మా చిన్న స్టూడియోలో ఎడిటింగుకూ, కౌంటరు దగ్గర పాస్‌పోర్టు సైజు ఫోటోల ప్రింటింగుకూ, బిల్లులకూ ఉన్నది ఒకటే ఉబుంటు (లినక్సు ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక రకం) కంప్యూటరు. అందుకే లినక్సుతో పాటు ఉచితంగా వచ్చే, ఏ పనికి ప్రాసెసరు ఎంత ప్రాధాన్యం ఇవ్వాలో చెప్పే నైస్, రీనైస్ కమాండ్లు మాలాంటి వారికి ఎంత ఉపయోగమో రాయాలనిపించింది. ముహూర్తాల రోజుల్లో ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో ప్రోగ్రాము పెద్ద వీడియోను రెండర్ చేస్తూ (తుది ఫైలుగా తయారుచేస్తూ) ప్రాసెసరు కోర్లన్నింటినీ ఆక్రమించుకుంటే, ఫోటో కోసం వచ్చిన మనిషి కౌంటరు ముందు నిలబడి ఉండగా మౌస్ కూడా సరిగా కదిలేది కాదు.

నైస్ అంకెలు -20 నుంచి 19 వరకు ఉంటాయి. అంకె పెరిగేకొద్దీ ప్రాధాన్యం తగ్గుతుంది, మామూలు పనులు 0 వద్ద నడుస్తాయి. అంకె చెప్పకుండా నైస్ వాడితే 10 పడుతుంది. మా అవసరానికి అది చాలలేదు, 19 సరిపోయింది. లినక్సు లెక్కలో 0 వద్ద ఉన్న పనికి 1024 బరువు (ప్రాసెసరు సమయాన్ని పంచే వాటా లెక్క), 19 వద్ద ఉన్నదానికి 15 మాత్రమే కనుక, రెండూ ఒకే కోరు కోసం పోటీ పడితే రెండర్‌కు దక్కేది 1.5 శాతం లోపే. అయితే పోటీ లేనప్పుడు అదే రెండర్ పూర్తి వేగంతో సాగుతుంది. రాత్రి షట్టరు దించాక దాని వేగంలో ఏ లోటూ కనబడదు. నాకు బాగా నచ్చిన గుణం ఇదే.

ఇప్పటికే నడుస్తున్న పనికి రీనైస్ ఉంది. నడుస్తున్న పనుల జాబితా చూపే టాప్ ప్రోగ్రామును తెరిచి ఆర్ మీట నొక్కి, ప్రాసెస్ నంబరు, కొత్త అంకె ఇచ్చినా సరిపోతుంది. నైస్ అంకెను చూపే ఎన్ఐ వరుసలో మార్పు వెంటనే కనిపిస్తుంది. కానీ 19కి పెంచినదాన్ని తిరిగి 0కి దించాలంటే మామూలుగా రూట్ (యంత్రం మీద పూర్తి హక్కులున్న ఖాతా) అధికారం కావాలి, పని కుర్రవాడి లాగిన్‌తో కుదరదు.

లోపమని చెప్పదగినది లినక్సులోని ఆటోగ్రూప్ అనే ఏర్పాటు వ్యవహారం. అది అమలులో ఉంటే కమాండ్లు టైపు చేసే ఒక్కో టెర్మినల్ సెషన్‌లోని పనులు ఒక్కో గుంపవుతాయి, నైస్ అంకె ఆ గుంపు లోపలే పనిచేస్తుంది. మా యంత్రంలో దాన్ని ఆపేశాకే తేడా పూర్తిగా తెలిసింది. కొత్తవారికి ఈ సంగతి ఎవరూ ముందుగా చెప్పరు.

డిస్కు మీది ఒత్తిడిని తగ్గించడానికి ఐఓనైస్ అనే మరో కమాండు వేరుగా వాడాలి, అదీ డిస్కు షెడ్యూలరు (డిస్కు పనుల వరుసను నిర్ణయించే భాగం) బీఎఫ్‌క్యూ వంటిదైతేనే ఫలితం ఉంటుంది. ర్యామ్ నిండిపోయి యంత్రం స్వాప్‌లో (ర్యామ్‌కు బదులు డిస్కును వాడుకోవడంలో) పడితే మాత్రం ఈ కమాండ్లేవీ ఆదుకోలేవు. అక్కడ ర్యామ్ పెంచుకోవలసిందే.