కారు కీలో చేదు పూత సెల్లు: ఐదేండ్ల వాడకం తర్వాత

సెల్లు కొత్తది. అప్పుడే కవరు చింపి తీసింది. మల్టీమీటర్ పెడితే 3.2 వోల్టులు చూపిస్తది. అదే సెల్లు కీలో వేసి మూత బిగిస్తే కారు పలకదు. పదిసార్లు నొక్కితే ఒకసారి ఇండికేటర్లు కొడతయి, మళ్ల ఉలుకూ పలుకూ ఉండదు. వాచీల షాపుల చూపిస్తే "సెల్లు మంచిగనే ఉన్నదన్నా, కీ పోయింది" అంటరు. కొత్త కీ అంటే వేలల్ల ఖర్చు. నిజానికి కీ పోలేదు, సెల్లూ పోలేదు. పిల్లలు నోట్లె పెట్టుకోకుండా సెల్లు మీద పూసిన చేదు పూత ఈ రెండింటి నడుమ అడ్డం పడ్డది. ఆ సంగతి ప్యాకెట్ మీద ఒక్క ముక్క రాసి ఉంటే ఇంత తిప్పలు ఉండేది కాదు. నా కోపమంతా దాని మీదనే.

బటన్ నొక్కి స్టార్ట్ చేసే కారు, స్మార్ట్ కీ, సీఆర్ 2032 సెల్లు. ఐదేండ్లల్ల నాలుగు సెల్లులు పడ్డయి. కారుతో వచ్చింది 22 నెలలు నడిచింది. బండి మీద ఐదు సెల్లుల పట్టీ అగ్గువకు దొరికితే అందులోది 4 నెలలకే చేతులెత్తేసింది. పేరున్న కంపెనీ మామూలు సెల్లు 14 నెలలు. ఇప్పుడున్నది చేదు పూతది, దానికి 20 నెలలు దాటినయి, ఇంకా నడుస్తున్నది.

పూత ఎందుకు పూస్తరో ముందు చెప్పాలె, ఎందుకంటే ఆ కారణం చిన్నది కాదు. 20 మి.మీ. వెడల్పు ఉన్న ఈ బిళ్ల చిన్నపిల్లల అన్ననాళంల సరిగ్గ ఇరుక్కుంటది. లోపలి తడి తగిలి కరెంటు పారుతది, మైనస్ వైపు క్షారం పుట్టి కండను కాలుస్తది. రెండు గంటల్లనే గట్టి గాయం అయితది. కీకి పనికిరాదని తీసి పారేసిన సెల్లుకు కూడా ఆ శక్తి మిగిలే ఉంటది. అందుకే కొన్ని కంపెనీలు డెనటోనియం బెంజోయేట్ అనే మందు పూస్తయి. లోకంల దానంత చేదు ఇంకోటి లేదంటరు. నాలుకకు తగలంగనే ఉమ్మేయాలె, అదీ ఆలోచన. ఆలోచన మంచిదే.

ఇక్కట్టు ఎక్కడ వచ్చిందంటే, సెల్లుకు రెండు ముఖాలు. నంబరు, ప్లస్ గుర్తు ఉన్న పెద్ద ముఖం పాజిటివ్. అంచు లోపల జర చిన్నగ, గరుకుగ కనపడేది నెగెటివ్. పూత ఉండేది ఈ నెగెటివ్ ముఖం మీద. సెల్లును ట్యూబ్‌లైట్ కింద ఏటవాలుగ పట్టి చూస్తే అంచు వెంబడి మసక వలయం ఒకటి కనపడతది, అద్దం మీద ఎండిన నీటి మరక లెక్క. ఈ కీలో సెల్లు కింద ఆనుకొని కరెంటు తీసుకునే రేకుకు రెండు కాళ్లున్నయి. అవి ఆనుకునేది సెల్లు నడిమధ్యన కాదు, అంచుకు 3, 4 మి.మీ. లోపల. అంటే సరిగ్గ ఆ మరక మీద. రేకు నడిమిట్ల ఆనుకునే కీలల్ల ఇదే సెల్లు ఏ పేచీ లేకుండ నడవొచ్చు. ఒకరికి పనిచేసి ఇంకొకరికి చేయకపోవడానికి కారణం ఇదే.

మరి మీటర్ ఎందుకు మంచిగ చూపించింది? మీటర్ పుల్ల మొన సూది లెక్క ఉంటది. పూతను గీరుకొని లోహాన్ని తాకుతది. కీలోని రేకు చదునుగ, మెత్తగ ఆనుతది, పూతను చీల్చే బలం దానికి లేదు. పైగా మీటర్ సెల్లు నుంచి గుంజే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. కీ బటన్ నొక్కినప్పుడు మాత్రం 10 మిల్లీయాంపులకు అటూఇటూ ఒక్కసారి గుంజుతది. నడుమ పలుచటి పొర ఉన్నా అక్కడ వోల్టేజీ పడిపోతది, లోపలి చిప్ లేవదు.

విరుగుడు సులువే. మెడికల్ షాపుల దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చెవిల పెట్టుకునే దూది పుల్లలు మూడు. మొదటి పుల్ల తడిపి నెగెటివ్ ముఖమంతా గుండ్రంగ రుద్దాలె. రెండో పుల్లతోని ఇంకోసారి. మూడోది పొడిది, తుడవడానికి. రెండు నిమిషాలు ఆరబెట్టి వేస్తే కీ మొదటి నొక్కుకే పలుకుతది. ఉప్పుకాగితం పెట్టి గీకొద్దు, పైనున్న నికెల్ పూత లేచిపోయి వానాకాలంల తుప్పు పడతది. పనయినంక సబ్బు పెట్టి చేతులు కడగాలె, లేకుంటే ఆ చేదు రాత్రి అన్నం ముద్దల దాకా వస్తది.

తుడిచినంక ఆ ముఖం మీద పిల్లలకు కావలి ఏమీ మిగలదు. పూత కోసమని ఎక్కువ పైసలు పెట్టి కొని, దాన్నే తుడిచేసి వేసుకోవాల్సి వస్తున్నది. నా మనసుకు ఇదే సరిపడతలేదు. రేకు ఆనే రెండు చోట్ల మాత్రం తుడిచి మిగిలింది ఉంచొచ్చు, కాని కీలో వేసేటప్పుడు సెల్లు తిరిగితే మళ్ల మొదటికే వస్తది.

ఇక సెల్లు మార్చే పని. కీ వెనక చిన్న గొళ్లెం జరిపితే లోపలి ఇనుప తాళంచెవి బయటికి వస్తది. అది వచ్చిన సందులనే పెంకు విడదీసే గాడి ఉంటది. చదును మొన స్క్రూడ్రైవర్‌కు ఒక చుట్టు గుడ్డ చుట్టి గాడిల పెట్టి తిప్పాలె. ఎత్తి పెకిలించొద్దు, పెకిలిస్తే అంచు మీద తెల్ల గీత పడి జీవితాంతం ఉంటది. టప్‌మని చప్పుడు వస్తది, భయపడొద్దు. లోపల నల్ల రబ్బరు చుట్టు ఉంటే అది గాడిలనే ఉండాలె, మెలి పడితే వానకు నీళ్లు దిగుతయి. పాత సెల్లు ఏ ముఖం పైకి ఉన్నదో తీసేముందే ఫోన్ల ఫోటో తీసుకోవాలె.

సెల్లును పైన పట్టి ఉంచే చిన్న కొక్కేలు ఒక పక్క ఉంటయి. వాటికి ఎదురు పక్క నుంచే లేపాలె. కొక్కెం కింద స్క్రూడ్రైవర్ దూరిస్తే అది వంగుతది. వంగిన కొక్కెం సెల్లును నొక్కదు, గుంతల రోడ్డు మీద కీ బతికి చచ్చి చచ్చి బతుకుతది. లేపడానికి పండ్లు కుట్టుకునే చెక్క పుల్ల చాలు. కింది రేకు అణిగిపోయినట్టుంటే అదే పుల్లతోని అర మి.మీ. పైకి లేపొచ్చు, ఒక్కసారే. రెండు మూడుసార్లు వంచితే మడత కాడ విరుగుతది, అప్పుడు బోర్డు పనే. కొత్త సెల్లును అంచు మీద రెండు వేళ్లతోని పట్టాలె. ముఖం మీద వేలు పెడితే చెమట జిడ్డు అంటి నెలల మీద నల్లబడతది. ఇనుప పట్టకారతోని రెండు ముఖాలు పట్టుకుంటే సెల్లు షార్ట్ అయితది.

నంబరు విషయంల రాజీ పడొద్దు. 2032ల మొదటి 20 వెడల్పు, చివరి 32 అంటే 3.2 మి.మీ. మందం. 2025 కూడా అంతే వెడల్పు ఉంటది కాబట్టి షాపాయన "ఇదీ పడతది" అని చేతుల పెడతడు. పడతది నిజమే, 0.7 మి.మీ. వదులుగ. 2025 కీలో 2032 దూరిస్తే పెంకు మూసుకోదు. ఎల్ఐఆర్ 2032 అని చార్జింగ్ చేసుకునే రకం ఒకటుంటది, నిండా చార్జ్ చేస్తే 4.2 వోల్టులు, అది కీలో వేయొద్దు. సెల్లు మార్చితే కీ ప్రోగ్రామింగ్ చెరిగిపోతదన్న భయం కూడా అక్కర్లేదు, ఆ కోడ్ కరెంటు లేకున్నా నిలిచే మెమరీల ఉంటది.

పాత సెల్లు నిజంగ అయిపోయిందా లేదా తెలుసుకోవడానికి ఉత్త వోల్టేజీ చాలదు. సెల్లు రెండు ముఖాలకు 220 ఓముల రెసిస్టర్ ఒక సెకను తగిలించి అప్పుడు మీటర్ చూడాలె. మంచిది 2.8 వోల్టుల పైననే నిలుస్తది. ముసలిది ఉత్తగ 2.9 చూపించి, భారం పడంగనే 2.3కో ఇంకా కిందికో జారుతది. చలికాలం పొద్దున పలకని కీ మధ్యాహ్నం పలికిందంటే అది ఈ ముసలితనమే. మీటర్ లేనివాళ్లకు గుర్తు దూరం: పదిహేను అడుగుల నుంచి తెరుచుకునే కారు దగ్గరికి పోయి నొక్కితే గాని తెరుచుకోకపోతే సెల్లు మార్చే రోజొచ్చినట్టే.

పూత సెల్లు 20 నెలలు వచ్చిందని పైన రాసిన. ఆ పొగడ్త పూర్తిగ దానికి చెందదు. దాని ముందటి మామూలు సెల్లు 14 నెలలకే పోయింది కదా, ఆ రోజుల్ల కీ తగిలించే మేకు తలుపు పక్కన, పోర్టికోలో కారు ఆగే చోటికి గోడ అవతల రెండు మీటర్ల లోపు. కారు తన చుట్టూ 125 కిలోహెర్ట్జ్ దగ్గర సన్నటి సిగ్నల్ పంపి "కీ ఉన్నదా?" అని అడుగుతుంటది. అది అందే దూరంల ఉన్న కీ నిద్రపోదు, లేచి 433 మెగాహెర్ట్జ్ మీద జవాబిస్తది. రాత్రంతా ఇదే ముచ్చట. మేకు లోపలి అర్రలోకి మారినంకనే ఈ సెల్లు పడ్డది. మామూలు సెల్లు కూడా అక్కడ అంతే నడిచేదేమో. టీవీ మీద, ఫోన్ చార్జింగ్ పక్కన కీ పెట్టడం కూడా మంచిది కాదు. స్టీలు డబ్బాల పెట్టి మూత వేస్తే కొంత ఆగుతది గాని దూరం పెట్టడమే నమ్మకం.

మన ఎండల సంగతి కూడా ఉన్నది. మే నెలల నల్లగొండ, మిర్యాలగూడ దిక్కు 44, 45 డిగ్రీలు ఉన్నప్పుడు అద్దాలు మూసిన కారుల డాష్‌బోర్డ్ 70 దాటుతది. ఈ సెల్లులకు చాలా కంపెనీలు రాసే పై హద్దు 60. స్పేర్ సెల్లును గ్లవ్‌బాక్స్‌ల పడేసి మర్చిపోతే అవసరానికి అది కూడా సగం చచ్చి ఉంటది. పర్సుల, దాని ప్లాస్టిక్ కవరులనే ఉంచాలె, చిల్లర పైసలతోని కలిపి కాదు.

మన్ననూరు చెక్‌పోస్ట్ దాటి శ్రీశైలం అడవిల ఉన్నప్పుడు కీ చస్తే ఏం చేయాలె? లోపలి ఇనుప తాళంచెవితోని డోర్ తెరవాలె. అలారం మోగొచ్చు, మోగనీ. తర్వాత కీని స్టార్ట్ బటన్‌కు ఆనించి, బ్రేక్ తొక్కి, కీతోనే బటన్ నొక్కాలె. ఇది ఈ కారు కీయే అని కారుకు చెప్పే ఇమ్మొబిలైజర్ చిప్ లోపల ఉంటది, దానికి సెల్లు అక్కర్లేదు, కారు పంపే శక్తితోనే జవాబిస్తది. కొన్ని కార్లల్ల కీ పెట్టడానికి వేరే చోటు ఉంటది, కారు పుస్తకంల ఆ పేజీ ఇంటి కాడనే చూసి పెట్టుకోవాలె. కీ మొత్తంల నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ ఏర్పాటు.

ఇది ఐదు నిమిషాల పని అని అందరూ అంటరు. రెండోసారి నుంచి నిజమే. మొదటిసారి పెంకు గట్టిగ ఉంటది, పూత తుడవడం కూడా కలిస్తే ఇరవై నిమిషాలు పెట్టుకోండి. సెల్లుకు టంకం వేసిన పాత రకం కీలు కొన్ని ఉన్నయి, వాటి జోలికి పోకుండ రిపేర్ షాపుల ఇవ్వడమే మేలు.

ఇంట్ల చిన్నపిల్లలు లేకుంటే మామూలు సెల్లే తీసుకోండి, తుడిచే పని ఉండదు. మా ఇంట్ల మూడేండ్ల పాప ఉన్నది కాబట్టి మళ్ల పూత సెల్లే కొంట. కీలో వేసేది ఎట్లాగూ తుడవాల్సిందే, కాని పర్సుల ఉండే స్పేర్ మీద ఆ పూత ఉంటది. పూత ఉన్నది కదా అని తీసిన సెల్లును టేబుల్ మీద వదలొద్దు. రెండు ముఖాల మీద టేపు చుట్టి, పిల్లలకు అందకుండ పైన పెట్టి, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునే చోట ఇవ్వాలె. పిల్లలు మింగినట్టు అనుమానం వస్తే కక్కించే ప్రయత్నం చేయకుండ, కవరు మీద నంబరు తీసుకొని ఎక్స్‌రే ఉన్న దవాఖానకు వెంటనే పోవాలె.