రొట్టెపిండికీ నారుకూ ఒకటే అని అమ్ముతున్న హీటింగ్ మ్యాట్ సెట్టు కొనేముందు ఇది చదవండి

చలికాలంలో ఇంట్లో బ్రెడ్డు చేసుకునేవారికీ, కిటికీ పక్కన ట్రేల్లో కూరగాయల నారు పోసుకునేవారికీ ఒకే వస్తువు సరిపోతుందని చెప్పి ఆన్‌లైన్‌లో అమ్ముతున్న హీటింగ్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పలుచని చాప) సెట్టు ఒకటి నేను గత డిసెంబరులో కొని నష్టపోయాను. ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో, ముఖ్యంగా సెమిలిగుడ, సునాబెడ, పొట్టంగి వైపు ఉన్న మన తెలుగువారు కొందరు దీని గురించి ఆరా తీస్తున్నారని విని, మీరు డబ్బు కట్టకముందే ఈ సంగతి మీకు చేరాలని రాస్తున్నాను. పోయింది డబ్బు ఒక్కటే అయితే ఇంత వివరంగా రాసేదాన్ని కాను.

మా సెమిలిగుడ సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి 10 డిగ్రీల కిందికి దిగడం ఇక్కడ మామూలే. ఘాట్ కింద సాలూరులో మా అక్క గంటన్నరలో పొంగించే పిండి, అదే కొలతతో నేను కలిపితే నాలుగు గంటలైనా కదలదు. టమాటా, మిరప గింజలు 25 నుంచి 30 డిగ్రీల మధ్య చక్కగా మొలకెత్తుతాయి; గది 13, 14 డిగ్రీల దగ్గర నిలిచిపోతే మిరప వారాల తరబడి తల ఎత్తదు, ఈలోగా తడి మట్టిలో గింజ కుళ్ళిపోతుంది. కాబట్టి వేడి అవసరమన్నది నిజం. ఆ అవసరం బాగా తెలిసినవారే ఆ ప్రకటన రాశారని నాకు ఇప్పుడు అనిపిస్తోంది.

రూ. 2,350 పెట్టి తెప్పించిన సెట్టులో ఒక నల్లని మ్యాట్, అంకెలు కనిపించే చిన్న కంట్రోలరు పెట్టె, తీగ చివర సెన్సారు, వాటితోపాటు ఉచితం అంటూ ఒక ఈస్టు పొట్లం, మూడు విత్తనాల పొట్లాలు ఉన్నాయి. మొదటి రెండు రోజులు అన్నీ బాగానే ఉన్నట్టు కనిపించాయి. మూడో రాత్రి కంట్రోలరును 28 డిగ్రీల దగ్గర పెట్టి, మ్యాట్ మీద ఒక పక్క మైదాలో కొంచెం చోడిపిండి కలిపిన ముద్దను గిన్నెలో ఉంచాను. రెండో పక్క 98 గుంటల ప్రోట్రే (గుంటకొక గింజ చొప్పున నారు పోసే ప్లాస్టిక్ ట్రే) పెట్టాను. ఆ ట్రేలో వేసినవి మా వదినగారి మిరప గింజలు. సాలూరు దగ్గర తమ పుట్టింటి పెరట్లో ఏటేటా మంచి కాయలు ఏరి, ఎండబెట్టి, బూడిదలో కలిపి దాచుకుంటూ వచ్చిన గింజలవి. బజారులో దొరికే రకం కాదు. నా మీద నమ్మకంతో ఆమె వాటిలో ఎక్కువ భాగం నాకే ఇచ్చారు.

తెల్లవారుజామున లేచేసరికి వంటింటి నిండా పులిసిన సారా వాసన. గిన్నె అడుగున పిండి జిగురుగా కరిగి, పైన పొక్కులు పడి చతికిలబడి ఉంది. కంట్రోలరు మాత్రం 27 అని చూపిస్తోంది. పాలకూ పాకానికీ వాడే థర్మామీటరును ట్రే గుంటలో గుచ్చి చూస్తే 46 వచ్చింది. రెండోసారి, మూడోసారి వేరే గుంటల్లో చూసినా 45కు తగ్గలేదు. ఈస్టు 25 నుంచి 30 డిగ్రీల దగ్గర హాయిగా పనిచేస్తుంది. 40 దాటితే దాని శక్తి సన్నగిల్లుతుంది. పిండి పోతే మళ్ళీ కలుపుకోవచ్చు. కాని తడిసి ఉబ్బిన గింజను రాత్రంతా ఆ వేడిలో ఉంచితే లోపలి మొలక ఉడికినట్టే. ఆశ చావక 18 రోజులు చూశాము. 98 గుంటల్లో ఒక్కటీ మొలవలేదు. వదినగారు అదే డబ్బాలోంచి 20 గింజలు తడిగుడ్డలో మూటగట్టి పొయ్యికి కొంచెం ఎడంగా ఉంచితే 16 మొలిచాయి కనుక లోపం గింజలది కాదు.

ఊళ్ళో నమ్మకంగా పనిచేసే ఒక మరమ్మతు మేస్త్రీ కంట్రోలరు విప్పి కారణం చూపించాడు. దాని సెన్సారులో ఉండే పూస వేడెక్కేకొద్దీ కరెంటును తేలికగా పోనిస్తుంది, చల్లబడితే అడ్డుకుంటుంది. ఆ అడ్డును బట్టే పెట్టె ఉష్ణోగ్రతను లెక్కగడుతుంది. లోపల తీగ చివర సరిగ్గా టంకం పట్టక వదులుగా ఉండడం వల్ల అడ్డు పెరిగి, ఉన్నదానికంటే చల్లగా ఉందని పెట్టె భ్రమపడింది, మ్యాట్‌ను ఆపకుండా వేడి చేస్తూ పోయింది. అంటే ఇటువంటి లోపం వచ్చినప్పుడు అంకె ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది, చూసేవారికి అంతా సవ్యంగానే ఉన్నట్టుంటుంది. నన్ను ఎక్కువగా భయపెట్టింది ఇదే.

ఇంకొక విషయం ప్రాణానికి సంబంధించినది. దాని ప్లగ్గుకు రెండు పిన్నులే ఉన్నాయి, ఎర్తు లేదు. నీరు చొరబడదని పెట్టె మీద అచ్చువేశారే గాని ఎంత తడిని తట్టుకుంటుందో తెలిపే ఐపీ సంఖ్య ఎక్కడా లేదు. ట్రే నుంచి నీళ్ళు కారడం రోజూ జరిగేదే. తీగ మొదలు దగ్గర తొడుగు మెత్తబడి ఉంది. నారు పోసే చోట పిల్లలు చేతులు పెడుతూనే ఉంటారు. ఇటువంటి వస్తువు ఏది వాడినా, మీ ఇంటి బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేసే బ్రేకరు ఉందో లేదో ముందు చూసుకోండి.

ఉచిత పొట్లాల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఈస్టు పొట్లం మీద తయారీ తేదీ గాని, 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు సంఖ్య గాని లేదు. గోరువెచ్చని నీళ్ళలో చెంచాడు చక్కెరతో కలిపి పావుగంట ఉంచితే నురగే రాలేదు. లేబులు లేని పొట్లంలోని టమాటా గింజలు 40 వేస్తే 7 మొలిచాయి. మన విత్తన ప్రమాణాల ప్రకారం మొలక శాతం టమాటాకు కనీసం 70, మిరపకు 60 ఉండాలి.

అమ్మకందారుకు ఫొటోలతో రాస్తే, మీ ఊరి చలి ఎక్కువ, సంచి విప్పాక వాపసు లేదు అని జవాబు వచ్చింది. చలి కోసం అమ్మిన వస్తువుకు చలినే కారణంగా చూపడం నాకు చాలా బాధ కలిగించింది. తయారీదారు పేరు, చిరునామా, ఏ దేశంలో తయారైందీ పెట్టె మీద ఎక్కడా లేవు. పేరు, చిరునామా ఉండాలని, దిగుమతి చేసిన వస్తువైతే దేశం పేరు కూడా ఉండాలని చట్టం చెబుతోంది. కొన్న వేదికలో ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలిపి నెల రోజుల్లో పరిష్కరించాలని 2020 నాటి ఇ-కామర్స్ నిబంధనల్లో ఉంది. అది జరగనందున నేను వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫోన్ చేశాను. అక్కడ తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మనం ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, చెల్లించిన వెల రూ. 5 లక్షలు మించకపోతే రుసుము లేదు. పార్సిలు విప్పేటప్పుడే వీడియో తీసి పెట్టుకోండి. నేను తీయలేదు, ఆ లోటు ఇప్పుడు తెలుస్తోంది.

ప్రస్తుతం పిండి గిన్నెను మూత పెట్టిన పెద్ద డేకిసాలో వేడినీళ్ళ చెంబు పక్కన ఉంచి, నీళ్ళు చల్లారినప్పుడల్లా మారుస్తున్నాను. గింజలు వేసిన ట్రేలను ఒకదానిపై ఒకటి పేర్చి, పాలిథీన్ షీటు కప్పి వంటింటి వెచ్చని మూలలో ఉంచి, మొలక కనబడగానే విడదీసి వెలుతురులో పెడుతున్నాను. ఆలస్యం చేస్తే నారు సాగిపోతుంది, నారుకుళ్ళు కూడా పట్టుకుంటుంది.

ఆ సెట్టు గత వారం వేరే పేరుతో, వేరే అమ్మకందారు కింద మళ్ళీ కనిపించింది, వెల రూ. 1,990కి తగ్గించారు. ఫొటో మాత్రం మారలేదు: చెక్కబల్ల మీద నల్లని మ్యాట్, ఎడమ వైపు గుండ్రని రొట్టె, కుడి వైపు ఆకుపచ్చ ట్రే, మధ్యలో 28 అని వెలుగుతున్న పెట్టె.